తుపాను గాలికి ఇల్లు, పంట పోతే: ఆంధ్రప్రదేశ్‌లో పరిహారానికి దరఖాస్తు విధానం

వరద పోతూ పోతూ గోడ మీద నీటి మట్టం గీత వదిలి వెళ్తుంది. గాలి అలాంటి ఆనవాలు మిగల్చదు. ఎగిరిపోయిన రేకులను ఏరి తెచ్చి మళ్లీ కప్పుకుంటాం, దారికి అడ్డం పడిన చెట్టును నరికేస్తాం, పడిపోయిన అరటి గెలలను వచ్చిన ధరకు అమ్ముకుంటాం. నష్టం రాసుకునే బృందం గుమ్మంలోకి వచ్చేసరికి చూపడానికి ఏమీ ఉండదు. కాబట్టి కాగితం రాయడానికి ముందే ఫొటోలు తీయాలి. ఇల్లు మొత్తం ఒక ఫొటోలో పడాలి, తలుపు నంబరు కనబడాలి, ఇంటి మనిషి పక్కన నిలబడాలి. ఆ తరువాతే సర్దుకోవడం.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. తుపాను పరిహారానికి ముందుగా దరఖాస్తు అడగరు. ప్రభుత్వం నష్టాల నమోదుకు ఆదేశాలిస్తుంది, గ్రామ రెవెన్యూ అధికారి, వ్యవసాయ సహాయకుడు, ఇంజినీరింగ్ సహాయకుడు వంటి సచివాలయ సిబ్బంది ఊళ్లోకి వచ్చి రాసుకుంటారు. ఆ రోజు వాళ్ల పట్టికలో పడిన మాట మీదే పరిహారమంతా ఆధారపడుతుంది. మన దరఖాస్తు అక్కరకు వచ్చేది ఆ పట్టికలో మన పేరు లేనప్పుడు, లేదా ఉన్నా తప్పుగా ఉన్నప్పుడు. అయినా బృందం వచ్చేదాకా ఆగకుండా ముందే ఒకటి ఇచ్చి పెట్టుకోవడం మంచిది.

ఇంతకీ ఆ గాలి ఏ లెక్కలోకి వస్తుందో చూసుకోవాలి. డబ్బు ప్రధానంగా రాష్ట్ర విపత్తు ప్రతిస్పందన నిధి నుంచి వస్తుంది. ఆ నిధి గుర్తించే విపత్తుల జాబితాలో తుపాను, వరద, వడగళ్ల వాన, కరువు, అగ్ని ప్రమాదం వంటివి ఉన్నాయి గానీ, ఉత్త ఈదురు గాలి అన్న మాట లేదు. గంటకు 62 కిలోమీటర్ల వేగం అందుకున్న వాయుగుండాన్నే వాతావరణ శాఖ తుపాను అంటుంది. హుద్‌హుద్‌ (2014), తిత్లీ (2018), మిచౌంగ్ (2023) వంటి వాటికి ఈ పేచీ రాదు. వేసవిలో అకాల వానతో వచ్చే పెనుగాలికి వస్తుంది. అలాంటి వాటిని రాష్ట్రం స్థానిక విపత్తుగా ప్రకటిస్తే ఆ నిధిలో 10 శాతం దాకా వాడుకునే వీలుంది. గాలితో పాటు వడగళ్లు కూడా పడి ఉంటే ఆ మాట దరఖాస్తులో తప్పక రాయండి.

ఇల్లు

2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం పెట్టిన ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతంలో 1,30,000. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. పూరి గుడిసెకు 8,000. ఇంటిని ఆనుకున్న పశువుల పాకకు 3,000. ఒక్కో తుపాను తరువాత రాష్ట్రం వేరుగా జీవో ఇచ్చి ఈ మొత్తాలను పెంచడమూ ఉంది. అలాంటి జీవో వస్తే అందులో ఉన్న అంకెనే పట్టుకోవాలి.

‘పూర్తిగా’, ‘పాక్షికంగా’ అన్న రెండు మాటల మధ్య లక్ష రూపాయలకు పైగా తేడా ఉంది. గాలి దెబ్బతో అసలు చిక్కు ఇక్కడే. కప్పు మొత్తం లేచిపోయి నాలుగు గోడలూ నిలబడి ఉంటే, చూసినవారి కలం ‘పాక్షికం’ వైపే మొగ్గుతుంది. ఆ గోడలు తడిసి బీటలు తీసి, మళ్లీ కప్పు మోసే స్థితిలో లేకపోయినా సరే. దానికి విరుగుడు దరఖాస్తులోని వివరమే. ‘గాలికి మా ఇల్లు బాగా దెబ్బతింది, ఆదుకోగలరని ప్రార్థన’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా రాయండి: ‘రెండు గదుల రేకుల ఇల్లు. కప్పు మొత్తం పోయింది. పడమటి గోడ కిటికీ మట్టం వరకు కూలింది. ఉత్తరపు గోడ పై నుంచి పునాది దాకా చీలింది. దూలం విరిగింది. నివాసానికి పనికిరాదు.’ ఇందులో ప్రార్థన ఒక్క ముక్క లేదు, కానీ ఇంజినీరింగ్ సహాయకుడు కొలిచి చూడవలసినవన్నీ ఉన్నాయి.

దరఖాస్తును తెల్ల కాగితం మీద తహసీల్దార్ పేరిట రాసి గ్రామ లేదా వార్డు సచివాలయంలో ఇవ్వవచ్చు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ నకళ్లు, ఇంటి పన్ను రసీదు, ఫొటోలు జత చేయండి. పన్ను రసీదును తేలిగ్గా తీసుకోవద్దు. కట్టడం అధికారికంగా గుర్తింపు పొందినదై ఉండాలని కేంద్ర ప్రమాణాల్లోనే ఉంది. ఇచ్చినట్లు రసీదు లేదా నంబరు తీసుకోకుండా మాత్రం అక్కడి నుంచి కదలకండి.

పంట

33 శాతం, ఆపైన నష్టం జరిగితేనే పెట్టుబడి రాయితీ. వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, నీటి వసతి ఉన్న పంటకు 17,000, బహువార్షిక పంటకు 22,500. ఒక్కో రైతుకు రెండు హెక్టార్ల వరకే. తిత్లీకి ఉద్దానంలో నేలకొరిగిన కొబ్బరి తోటలను చూసినవారికి ఆ చివరి అంకె ఏ మూలకూ చాలదని వేరే చెప్పనక్కరలేదు. కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, లెక్క మాత్రం హెక్టారుకే. తోట రైతులు వేళ్లతో సహా పడిపోయిన చెట్లెన్ని, మొవ్వు విరిగినవెన్ని అన్నది విడివిడిగా రాసి ఇవ్వాలి. మొవ్వు విరిగిన చెట్టు కొన్నాళ్లు నిలబడే ఉంటుంది, దాన్ని బతికున్న చెట్టుగా లెక్కేసే ప్రమాదం ఉంది.

పంట నమోదు, అంటే ఈ-క్రాప్, లేకపోతే మిగతా కాగితాలన్నీ ఉన్నా పని జరగడం కష్టం. కౌలు రైతులు 2019 చట్టం ప్రకారం ఇచ్చే సాగుదారు హక్కు పత్రం దగ్గర పెట్టుకోవాలి. పొలం యజమాని పేరు మీదే ఈ-క్రాప్ ఉంటే రాయితీ ఆయన ఖాతాకే పోతుంది. తుపాను వచ్చాక దాన్ని సరిచేయించుకోవడం చాలా కష్టం.

బీమా దారి వేరు. ఫసల్ బీమా కింద ప్రీమియం కట్టి ఉన్న పంట కోసి పొలంలో పనల మీద ఆరుతుండగా తుపాను వానకు పాడైతే, కోసిన 14 రోజుల లోపు జరిగిన నష్టానికి రైతు విడిగా అడగవచ్చు. 72 గంటల్లో 14447కు ఫోను చేసి చెప్పాలి. ఈ గడువుకు తిథులూ సెలవులూ పట్టవు. నిలిచి ఉన్న పైరు గాలికి వాలిపోతే మాత్రం విడి దరఖాస్తు ఉండదు. ఆ ప్రాంతమంతటినీ ఒక యూనిట్‌గా తీసుకుని, పంట కోత ప్రయోగాల్లో తేలిన దిగుబడిని బట్టి లెక్క కడతారు.

మిగతావి

పాడి గేదె, ఆవు చనిపోతే 37,500 రూపాయలు, ఎద్దుకు 32,000, మేకకు, గొర్రెకు 4,000. పశువైద్య సిబ్బంది చూసి ధ్రువీకరించకముందే పూడ్చిపెట్టవద్దు. పడవ పూర్తిగా పోతే 15,000, మరమ్మతుకు 6,000, వల పోతే 4,000.

ప్రాణ నష్టం జరిగితే కుటుంబానికి 4 లక్షలు. ఇక్కడ పోలీసు పంచనామా, పోస్టుమార్టం నివేదిక తప్పనిసరి అనుకోండి. గోడ కూలి, చెట్టు పడి చనిపోయినట్లు కారణం వాటిలో స్పష్టంగా ఉండాలి. దుఃఖంలో ఉన్న ఇంటికి ఈ మాట చెప్పడం కష్టమే, ఊళ్లో ఎవరో ఒకరు పూనుకుని చెప్పాలి.

విరిగిన స్తంభాలు, తెగిన తీగల గురించి పరిహారం దరఖాస్తులో రాస్తే ప్రయోజనం లేదు. విద్యుత్ ఫిర్యాదులకు 1912, అత్యవసరానికి 112 లేదా 1070.

జాబితా, ఖాతా

నమోదు ముగిశాక లబ్ధిదారుల జాబితాను సచివాలయంలో పెడతారు. పేరు ఒక్కటే చూసి వెనక్కి రాకండి. నష్టం ఏ రకంగా రాశారో, విస్తీర్ణం ఎంత వేశారో కూడా చూడండి. తేడా ఉంటే అక్కడే రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. ఫలితం లేకపోతే సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో తహసీల్దార్‌కు, ఆపై కలెక్టరేట్‌లో అర్జీ పెట్టవచ్చు. 1100కు ఫోను చేసినా నమోదు చేసుకుంటారు.

ఆధార్ ఆధారంగా జమ చేసినప్పుడు డబ్బు మీరు నకలు ఇచ్చిన పాస్‌బుక్ ఖాతాకే పడుతుందన్న హామీ లేదు. ఆధార్‌తో చివరగా ఏ బ్యాంకును అనుసంధానించారో అక్కడికి వెళ్తుంది. ఎప్పుడో గ్యాస్ రాయితీ కోసం తెరిచి మరిచిపోయిన ఖాతాలో పడి ఉండవచ్చు. రాలేదని గొడవకు దిగేముందు బ్యాంకులో అది కనుక్కోండి.

అక్కడా లేకపోతే సమాచార హక్కు చట్టం కింద మీ ఇంటికి లేదా సర్వే నంబరుకు సంబంధించిన నష్టం నమోదు పత్రం నకలు అడగండి. గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు.