స్కాన్‌లో లివర్ గడ్డ, పైగా బరువు తగ్గడం: రిపోర్టును ఎలా చదవాలి

ముందు గడ్డ పేరు, సైజు చూడండి. హెమాంజియోమా (రక్తనాళాల ముద్ద), సాదా సిస్టు (నీటి తిత్తి) చాలామందిలో ఉంటాయి. అవి క్యాన్సర్ కావు. సాధారణంగా 5 సెం.మీ. లోపువి ఏ లక్షణమూ చూపవు. బాగా పెద్దవైతే కడుపు కుడివైపు బరువుగా ఉండొచ్చు, కొంచెం తినగానే నిండినట్టు అనిపించొచ్చు. విరేచనాలు మాత్రం వీటివల్ల రావు. అల్ట్రాసౌండ్‌లో అనుమానం మిగిలితే కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐతో (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) సాధారణంగా తేలుతుంది. హెపటైటిస్ బి, సిర్రోసిస్ (లివర్ గట్టిపడి పాడవడం), గతంలో క్యాన్సర్ ఉన్నవారిలో చిన్న గడ్డనైనా తేలిగ్గా తీసుకోకూడదు.

అసలు పొరపాటు ఇక్కడే జరుగుతుంది: గడ్డ కనిపించగానే బరువు తగ్గడాన్నీ దాని ఖాతాలో వేసి వెతకడం ఆపేస్తారు. ప్రయత్నించకుండానే 6 నుంచి 12 నెలల్లో 5 శాతం, అంటే 60 కిలోల మనిషి 3 కిలోలు తగ్గితే, కారణం విడిగా వెతకాలి. రక్తకణాల లెక్క, షుగర్, థైరాయిడ్, లివర్ పరీక్షలతో మొదలుపెడతారు. సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్షకు ముందు గోధుమ మానకండి, మానేస్తే జబ్బున్నా ఫలితం నెగెటివ్ రావచ్చు. ఆపై అవసరాన్నిబట్టి ఎండోస్కోపీ (కెమెరా గొట్టంతో కడుపు లోపల చూడటం), కొలనోస్కోపీ (అలాగే పెద్దపేగును చూడటం).

నల్లటి విరేచనం, రక్తవాంతి, కామెర్లు కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. మింగుడు పడకపోతే డాక్టర్‌ను త్వరగా కలవండి.