ఆల్చిప్పలోని రక్షణ కణాలు బాక్టీరియాను ఎదుర్కొనే తీరును కళాశాల ప్రయోగశాలలో పరిశీలించే విధానం

చెరువు అడుగున బురదలో సగం కూరుకుపోయి ఉండే ఆల్చిప్ప నీటిని లోపలికి పీల్చుకుని, మొప్పల మీద వడకట్టి, తిరిగి బయటికి వదులుతూ బతుకుతుంది. ఆ నీటిలో దానికి ఆహారమయ్యే సూక్ష్మ నాచులతో పాటు లెక్కలేనన్ని బాక్టీరియాలు కూడా ఉంటాయి. మనకున్నట్టు దానికి లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు లేవు, దాని శరీరంలో యాంటీబాడీలు తయారు కావు. అయినా అది ఆ నీటిలోనే ఏళ్ల తరబడి బతుకుతుందంటే, దాని రక్షణ వ్యవస్థ ఎంత సమర్థమైనదో ఊహించవచ్చు. ఆ వ్యవస్థలోని ముఖ్యమైన ఘట్టాన్ని, అంటే రక్తకణం ఒక సూక్ష్మజీవిని పట్టి మింగడాన్ని, సాధారణ మైక్రోస్కోపుతోనే చూడవచ్చు. వరంగల్, హనుమకొండ, ములుగు, కరీంనగర్ ప్రాంతాల డిగ్రీ విద్యార్థులు తమ జంతుశాస్త్ర ప్రాజెక్టుకు వాడుకునేలా ఆ విధానాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఏం వెతుకుతున్నామో తెలిసి ఉండాలి. చిప్ప, దాని కింద ప్రావారం (చిప్పను ఆనుకుని ఉండే మెత్తని పొర) మీదా మొప్పల మీదా పరుచుకున్న జిగురు తొలి అడ్డంకులు. ఆ జిగురులో బాక్టీరియాను అంటుకుని గుంపుగా చేర్చే లెక్టిన్లు అనే ప్రోటీన్లు, బాక్టీరియా కణకవచాన్ని కోసే లైసోజైమ్ అనే ఎంజైమూ ఉంటాయి. ఇవన్నీ దాటి లోపలికి వచ్చినవాటిని హీమోసైట్లు అనే రక్తకణాలు ఎదుర్కొంటాయి. ఆల్చిప్పది వివృత రక్తప్రసరణ కాబట్టి, ఈ కణాలు నాళాలకే పరిమితం కాకుండా కణజాలాల మధ్య ఖాళీల్లో తిరుగుతూ ఉంటాయి.

మన చెరువుల్లో విరివిగా దొరికే లామెల్లిడెన్స్ మార్జినాలిస్ అనే మంచినీటి ఆల్చిప్ప ఈ పనికి బాగా సరిపోతుంది. పాఖాల చెరువు అభయారణ్యం పరిధిలో ఉంది కాబట్టి అక్కడ సేకరణ తగదు. నగరానికి తాగునీరిచ్చే ధర్మసాగర్, వడ్డేపల్లి చెరువుల జోలికీ వెళ్లవద్దు. మీ ఊరి చెరువులో, అక్కడి మత్స్య సహకార సంఘం వారికి చెప్పి, ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీటిలో ఐదారు ఆల్చిప్పలను తీసుకుంటే చాలు. ముట్టుకోగానే గట్టిగా మూసుకున్నవే ఆరోగ్యమైనవి. నోరు తెరుచుకుని ఉన్నవాటిని తీసుకోకూడదు. ఎండాకాలంలో చెరువు ఇంకిపోయి నీరు వేడెక్కినప్పుడు ఇవి తీవ్రమైన ఒత్తిడిలో ఉంటాయి కాబట్టి, దసరా తర్వాత నుంచి సంక్రాంతి దాటే వరకు సేకరించడం మేలు. నీళ్లు నింపి మూత పెట్టిన బకెట్‌లో కాకుండా తడి గోనెసంచిలో చుట్టి తీసుకురావాలి. తెచ్చిన తర్వాత అదే చెరువు నీటిలో, గాలి పంపు పెట్టి, ఓ వారం అలవాటు పడనివ్వాలి. ప్రయాణపు ఒత్తిడికి హీమోసైట్ల సంఖ్య మారిపోతుంది. ఈ వారం రోజుల విరామాన్ని తగ్గించుకుంటే, తర్వాత లెక్కించే అంకెలను నమ్మలేం.

హీమోలింఫ్‌ను, అంటే ఆల్చిప్ప రక్తాన్ని, తీయడానికి ఆల్చిప్పను చంపనవసరం లేదు, చంపకూడదు కూడా. చిప్ప మీది బొడిపె ముందు భాగానికి దగ్గరగా ఉంటుంది. దానికి దూరంగా, నీరు పీల్చే రంధ్రాలున్న వైపు వెనుక భాగం. చిప్పలు కాస్త విచ్చుకున్నప్పుడు వాటి మధ్య సన్నని చెక్కముక్కను పెట్టి, లోపలి నీటిని పూర్తిగా ఒంపేసి, వెనుక భాగంలో చిప్పలను మూసే తెల్లటి కండరంలోకి 24 గేజ్ సూది ఉన్న 1 మి.లీ. సిరంజీని గుచ్చి, చాలా నెమ్మదిగా 0.2 నుంచి 0.3 మి.లీ. వరకు తీయాలి. వచ్చిన ద్రవం దాదాపు రంగు లేకుండా ఉండాలి. బురద నలకలు కనిపిస్తే ప్రావారంలోని నీరు కలిసినట్టే, దాన్ని పారబోయాలి.

తీసిన వెంటనే ఒక చుక్కను శుభ్రమైన గాజు పలక మీద వేసి, తడిపిన వడపోత కాగితం పరిచిన పెట్రీ పళ్లెంలో మూతపెట్టి 20 నుంచి 30 నిమిషాలు కదపకుండా ఉంచాలి. రొయ్య రక్తం గడ్డకడుతుంది, ఇది గడ్డకట్టదు. కణాలు మాత్రం ఒకదానికొకటి అంటుకుని ముద్దలవుతాయి, కాబట్టి ఆలస్యం పనికిరాదు. గుండ్రంగా ఉన్న కణాలు కొద్ది నిమిషాల్లోనే గాజుకు అంటుకుని, అంచుల నుంచి సన్నని పోగులు చాచి, పలచగా పరుచుకోవడం 40 రెట్ల కటకంతో స్పష్టంగా కనిపిస్తుంది. లోపల రేణువులు నిండినవి, రేణువులు లేనివి అని రెండు రకాలను ఇక్కడే గుర్తుపట్టవచ్చు.

ఈ దశలో, పలక మీది కణాలను కడిగేటప్పుడు, చాలా ప్రయోగాలు చెడిపోవడానికి కారణం నార్మల్ సెలైన్ అనే ఉప్పునీరు. మంచినీటి ఆల్చిప్ప రక్తం జంతువులన్నింటిలో అతి పలుచనివాటిలో ఒకటి, 0.85 శాతం ఉప్పునీరు దానికంటే ఎన్నో రెట్లు చిక్కన. ఆ నీటితో కడిగితే కణాలు ముడుచుకుపోతాయి, మామూలు నీటితో కడిగితే ఉబ్బుతాయి. అందుకే కొన్ని ఆల్చిప్పల హీమోలింఫ్‌ను కలిపి సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన కణరహిత ద్రవంతోనే కడగాలి. అందులోని లెక్టిన్ల సాయం కూడా కణాలకు అందుతుంది.

ఇప్పుడు మింగించే పని. బాక్టీరియా ఒక మైక్రోమీటరు పరిమాణంలో ఉంటుంది కాబట్టి, తొలి ప్రయత్నానికి అంతకు ఐదు రెట్లుండే బేకరీ ఈస్టు అనువైనది. 1882లో నక్షత్రచేప డింభకంలో (లార్వాలో) ముల్లు చుట్టూ చేరిన కణాలను చూసిన రష్యా శాస్త్రవేత్త మెచ్నికాఫ్, 1884లో డాఫ్నియా అనే చిన్న నీటి జీవి రక్తకణాలు ఈస్టులాంటి శిలీంధ్రాన్ని మింగడాన్ని వివరించారు. 1908లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది. చిటికెడు ఈస్టును కాంగో రెడ్ కలిపిన నీటిలో అరగంట మరిగించి, చల్లార్చి, కడిగిన నీటిలోకి రంగు దిగడం ఆగే వరకు కడిగి, చివరికి ఆ కణరహిత ద్రవంలో పలుచగా కలపాలి. పలక మీది కణాల పొరపై ఒక చుక్క వేసి 45 నిమిషాలు ఆగి, మెల్లగా కడిగి, కవర్‌స్లిప్ వేసి చూడాలి. ఎర్రని ఈస్టు కణం చుట్టూ హీమోసైట్ అంచు మూసుకుని ఉంటే అది మింగినట్టు. పైన ఆనుకుని మాత్రమే ఉంటే కాదు. సందేహం ఉంటే ఇలాంటిదే మరో పలకను మంచుగడ్డల మీద ఉంచి పోల్చాలి, చలిలో అంటుకోవడం జరిగినా మింగడం దాదాపు ఆగిపోతుంది. కనీసం 100 హీమోసైట్లను లెక్కించి, అందులో ఒక్క ఈస్టు కణమైనా మింగినవి ఎన్ని అన్నది శాతంగా రాయాలి.

ఇది చేతికి అలవాటైన తర్వాత, వేడితో చంపిన బాసిల్లస్ సబ్టిలిస్‌తో అదే పని చేసి, మిథనాల్‌తో స్థిరపరచి, గీమ్సా రంగు వేసి, 100 రెట్ల నూనె కటకంతో చూడాలి. ఏరోమోనాస్ వంటి రోగకారక బాక్టీరియాను బతికున్న స్థితిలో డిగ్రీ ప్రయోగశాలలోకి తీసుకురావద్దని గట్టిగా చెబుతున్నాను.

మింగిన తర్వాత కణం లోపలి ఎంజైములూ, ఆక్సిజన్ నుంచి పుట్టే విషపదార్థాలూ బాక్టీరియాను చంపుతాయి. ఇందులో లైసోజైమ్ పనిని, ద్రవం గుండా వెళ్లే కాంతిని కొలిచే కలరీమీటరుతో చూడవచ్చు. 1922లో ఫ్లెమింగ్ దీన్ని ప్రకటించారు. దీని పనికి మైక్రోకాకస్ అనే బాక్టీరియాను ఎండబెట్టిన పొడిని కొలమానంగా వాడుతున్నారు. ఆ పొడిని పీహెచ్ 6 ఉన్న ఫాస్ఫేట్ బఫర్‌లో మబ్బుగా కలిపి, హీమోలింఫ్ చేర్చి, 450 నానోమీటర్ల దగ్గర నిమిషనిమిషానికి రీడింగు తీసుకోవాలి. మబ్బు తరుగుతూ పోతే కణకవచాలు తెగుతున్నట్టు. పోల్చుకోవడానికి ఒక గొట్టంలో నీటిలో కలిపిన కోడిగుడ్డు తెల్లసొన, మరో గొట్టంలో బఫర్ మాత్రమే పెట్టాలి.

ఒకసారి హీమోలింఫ్ తీసిన ఆల్చిప్పను మళ్లీ గుచ్చవద్దు. దాన్ని రెండు రోజులు గాలి పంపు ఉన్న నీటిలో ఉంచి, ముట్టుకోగానే మూసుకుంటున్నదని చూసుకుని, ఏ చెరువు నుంచి తెచ్చారో ఆ చెరువులోనే వదలాలి. మరో చెరువులో వదిలితే పరాన్నజీవులు కొత్త చోటికి చేరే ప్రమాదం ఉంది.