ఒక్కపొద్దు ఉంటున్నా బరువు తగ్గడం లేదా? 16:8 ఉపవాసంలో వచ్చే చిక్కులు

మా అమ్మ నలభై ఏళ్ళుగా శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. మధ్యాహ్నం అన్నం, రాత్రికి ఫలహారం. ఆ ఫలహారం అంటే నాలుగు దోశలు, వేరుశనగ చట్నీ, పైన గ్లాసుడు పాలు. కావలిలో మా బట్టల కొట్లో కూర్చునే నేను 16:8 మొదలుపెట్టానని చెబితే, "నలభై ఏళ్ళుగా ఉంటున్నా, నేనేమన్నా సన్నబడ్డానా అబ్బయ్యా?" అని నవ్వింది. సగం జవాబు ఆ మాటలోనే ఉందని నాకు ఆర్నెల్లకు గానీ తెలియలేదు.

16:8 అంటే రోజులో 8 గంటల లోపే తిండి ముగించి, మిగతా 16 గంటలు నీళ్ళతో గడపడం. ఏడాదిన్నరలో నేను 88 కేజీల నుంచి 79కి వచ్చాను. దారిలో నాకూ, నన్ను చూసి మొదలుపెట్టినవాళ్ళకూ తగిలిన చిక్కులు ఇవి.

చేతులు వణుకు, చల్లటి చెమట, కళ్ళు తిరగడం

మిగతావి ఓపిగ్గా సర్దుకోవచ్చు, ఇది ఆగదు కాబట్టి ముందు రాస్తున్నాను. షుగర్‌కి గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతూ టిఫిన్ మానేస్తే జరిగేది ఇదే. మీరు తిన్నారో లేదో ఆ మాత్రకు తెలియదు, దాని పని అది చేసుకుపోతుంది. షుగర్ 70 కిందికి పడిపోతుంది. అప్పుడు ఉపవాసం గిపవాసం పక్కనపెట్టి, మూడు నిండు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగండి. పావుగంటకు మళ్ళీ చూసుకోండి. ఇంకా తక్కువుంటే మళ్ళీ అదే. తేరుకున్నాక ఏదైనా తినాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. మాత్ర మోతాదు, వేళ డాక్టర్ సరిచేసేదాకా ఇంకొక్క రోజు కూడా ఉపవాసం వద్దు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు, ఇప్పటికే బక్కపలచగా ఉన్నవాళ్ళు దీని జోలికే పోవద్దు.

మొదటి వారం రెండు కేజీలు తగ్గి, తర్వాత ఆగిపోయింది

ఆగలేదు. మొదటి వారం పోయినదాంట్లో ఎక్కువ నీళ్ళే. ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ (కాలేయంలో, కండల్లో ఉండే చక్కెర నిల్వ) ఒక్కో గ్రాముకు మూడు గ్రాముల దాకా నీటిని పట్టుకుని ఉంటుంది. అది ఖర్చయితే నీళ్ళూ పోతాయి. కొవ్వుకు అంత తొందర లేదు. రోజూ కాటా ఎక్కి టెన్షన్ పడకుండా వారానికొకసారి, అదే రోజు, పరగడుపున చూసుకోండి. బొడ్డు దగ్గర టేపు పెట్టి కూడా కొలవండి. మన దేశంలో మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 దాటితే పొట్ట ఎక్కువున్నట్టు లెక్క. నాకు మొదటి రెండు నెలల్లో కాటా కంటే టేపే ధైర్యం చెప్పింది.

నెల దాటినా ఒక్క కేజీ కూడా తగ్గలేదు

నేను ఎక్కువ కాలం ఇరుక్కున్నది ఇక్కడే. మొదటి దొంగ టీ. కొట్టు తెరిచిన అరగంటకు టీ కుర్రాడు వస్తాడు. చిన్న గ్లాసే, "టీ తిండి కాదుగా" అనుకునేవాణ్ణి. ఒకరోజు ఇంట్లో అదే రుచికి టీ కలిపి చూస్తే రెండు చెంచాల చక్కెర పట్టింది. చక్కెరకే దాదాపు 40 కేలరీలు, పాలు వేరే. బేరానికి వచ్చినవాళ్ళతో కలిపి మధ్యాహ్నంలోపు మూడు గ్లాసులు. పదహారు గంటల ఉపవాసం అని గొప్పగా చెప్పుకున్నది తీరా చూస్తే పది గంటలే. పొద్దున్నే "బరువు తగ్గడానికి" తాగే తేనె నిమ్మరసం కూడా ఇంతే. పెద్ద చెంచాడు తేనెలో 60 కేలరీలు పైనే ఉంటాయి. పాలూ చక్కెరా రెండూ లేని టీ తాగండి. మొదటి వారం కషాయంలా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

రెండో దొంగ కంచం. ఒంటిగంట దాకా ఆగాను గదా అని చేపల పులుసు కలుపుకుని మూడు సార్లు అన్నం పెట్టించుకునేవాణ్ణి. వండిన అన్నం వంద గ్రాములకు సుమారు 130 కేలరీలు. నా కంచంలోది ఒకసారి తూచాను, 520 గ్రాములు! పులుసు తప్పేమీ లేదు, చేపలో మంచి ప్రోటీన్ ఉంది. అన్నం గరిటె రెండుసార్లకు మించి పడకుండా, ముక్కలు ఒకటి ఎక్కువ వేయించుకుని, పక్కన ఆకుకూరో దోసకాయో పెట్టించుకోవడం మొదలుపెట్టాకే ముల్లు కదిలింది.

గడియారానికి మహిమ ఉందని నమ్మేవాళ్ళకు రెండు పరిశోధనలు చెబుతాను. 2020లో అమెరికాలో 116 మందితో 12 వారాలు చేసిన దాంట్లో, మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 వరకే తిన్నవాళ్ళు సగటున ఒక కేజీ కూడా తగ్గలేదు. మూడు పూటలా తిన్నవాళ్ళతో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2022లో వచ్చిన చైనా పరిశోధనలో 139 మంది ఏడాదిపాటు కేలరీలు తగ్గించి తిన్నారు. వాళ్ళలో వేళ పాటించినవాళ్ళు సగటున 8 కేజీలు, పాటించనివాళ్ళు 6.3 కేజీలు తగ్గారు. ఆ తేడా కూడా గణాంకాల లెక్కలో నిలవలేదు, అంటే కాకతాళీయంగా వచ్చిందే కావచ్చు. వేళ అనేది చేతిని కంచం దగ్గరికి పోనీయని కంచె, అంతే.

పదకొండింటికి తలపోటు, నీరసం

కాఫీ మానేసిన మొదటి వారంలో అయితే అది కాఫీ లేమి. ఒక్కసారిగా మానకుండా కొంచెం కొంచెం తగ్గించండి. ఎండాకాలంలో అయితే మాత్రం నీళ్ళు, ఉప్పు చాలక వచ్చేది. రోహిణి కార్తెలో చీమకుర్తి క్వారీలోనో, ఒంగోలు రోడ్ల మీదో పనిచేసే మనిషి ఏసీ గదిలో కూర్చున్నవాడి ఉపవాసాన్ని కాపీ కొట్టకూడదు. ఆ నెల 12 గంటలకు దిగిపోండి, ఉప్పేసిన పల్చటి మజ్జిగ తాగండి. ఉపవాసం చెడితే చెడనీయండి, వడదెబ్బ తగలకుండా ఉంటే చాలు.

గుండెల్లో మంట వస్తే, ఖాళీ కడుపులో మొదట పడేది కారం దోశ కాకుండా చూసుకోండి. మలబద్ధకానికి నీళ్ళు, పీచు. ఇంతకు మించి చెప్పడానికి లేదు.

బరువు తగ్గింది గానీ బలమూ తగ్గింది

కండ కరుగుతోందన్నమాట. రెండు పూటలే తినేటప్పుడు గుడ్డు, పప్పు, చేప, పెరుగు ప్రతి పూటా ఉండాలి. ఒక గుడ్డుకు ఆరు గ్రాముల ప్రోటీన్ వస్తుంది. వారానికి రెండు మూడు రోజులైనా బరువులెత్తే పని చేయాలి. మా కొట్లో గుడ్డల మూటలు పైకి ఎక్కించే పని కుర్రాళ్ళకు వదలకుండా నేనే చేస్తున్నాను.

పది రోజులు చేసి మానేస్తున్నారు

వేళ మీ ఇంటికి సరిపోలేదు. సాయంత్రం నాలుగుకు తిండి ఆపాలని వీడియోలో చూసి నేనూ ప్రయత్నించాను. రాత్రి తొమ్మిదిన్నరకు కొట్టు మూసి ఇంటికి పోతే అందరూ కంచాల ముందు, నేను మాత్రం నీళ్ళ చెంబుతో. మూడో రోజే ఆపేశాను. ఇప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పదిలోపు తింటున్నాను. కొలిస్తే 15:9. రాత్రి త్వరగా తినడం మంచిదే గానీ, చేయలేని మంచి కంటే చేయగలిగినది మేలు. కృష్ణపట్నం పోర్టులో నైట్ షిఫ్ట్ చేసే మా బావమరిది డ్యూటీకి ముందు ఒకసారి, ఇంటికి రాగానే ఒకసారి తిని పడుకుంటాడు. పెళ్ళి రోజున వదిలేసి, మర్నాడు మామూలుగా మొదలుపెడతాం. పరిహారంగా పస్తులుండం.

ఆదివారం వండిన పులుసు సోమవారం పొద్దున దోశల్లోకి తినడం మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉన్నదే. దాన్ని వదులుకోవడం నా వల్ల కాలేదు. అందుకని సోమవారం మాత్రం పొద్దున తొమ్మిదికి తింటాను, సాయంత్రం ఆరుకు ఆపేస్తాను.