కాక్‌పిట్‌లో హెచ్చరిక వచ్చినప్పుడు: లక్షణం, కారణం, పరిష్కారం

నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి పైలట్ శిక్షణకు వెళ్ళిన పిల్లలు సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు నన్ను కలుస్తుంటారు. ఎక్కడైనా పెద్ద ప్రమాదం జరిగితే వారు అడిగే ప్రశ్న ఒకటే: "ఆ విమానం ఎందుకు కూలింది సార్?" విద్యార్థికి అంతకంటే ఉపయోగపడే ప్రశ్న ఇంకొకటి ఉంది. కూలడానికి ముందు కాక్‌పిట్‌లో ఉన్నవారికి ఏమి కనిపించింది, ఏమి వినిపించింది, దాన్ని వారు ఎందుకు పక్కన పెట్టారు? కింద చెప్పే ప్రమాదాల్లో దాదాపు అన్నిటిలోనూ ఏదో ఒక సూచన ముందే అందింది. అందుకే లక్షణంతో మొదలుపెట్టి కారణానికి, అక్కడి నుంచి చేయవలసిన పనికి వెళ్తాను.

లక్షణం: రన్‌వే దగ్గరపడింది, విమానం ఇంకా ఎత్తులోనే ఉంది

వేగం తగ్గడం లేదు, కిందికి దిగే రేటు నిమిషానికి వెయ్యి అడుగులు దాటింది, భూమి దగ్గరవుతోందన్న హెచ్చరిక మోగుతోంది.

2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 812 ఇలాగే దిగింది. 158 మంది చనిపోయారు, ఎనిమిది మంది బతికారు. కెప్టెన్ దారిలో గంటన్నరకు పైగా నిద్రపోయారు. ఆ మగత పూర్తిగా వదలకముందే అప్రోచ్ (దిగడానికి రన్‌వే వైపు రావడం) మొదలైంది. మంగళూరు రాడార్ పనిచేయకపోవడంతో కిందికి దిగే అనుమతి కూడా ఆలస్యంగా అందింది. 8,033 అడుగుల రన్‌వే మీద సుమారు 5,200 అడుగులు దాటాక చక్రాలు నేలను తాకాయి. ఫస్ట్ ఆఫీసర్ (కెప్టెన్ పక్కన కూర్చునే రెండో పైలట్) గో-అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకి వెళ్ళడం, చేయమని మూడుసార్లు చెప్పారు. ఇంజన్ బలాన్ని ముందుకు మళ్ళించి విమానాన్ని ఆపే థ్రస్ట్ రివర్సర్లు తెరిచిన తరువాత కెప్టెన్ మళ్ళీ పైకి లేవాలని చూశారు. అప్పటికి రన్‌వే మిగల్లేదు.

సరిగ్గా పదేళ్ళకు, 2020 మే 22న, కరాచీలో పాకిస్తాన్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ 8303 చక్రాలు దించకుండానే రన్‌వేను తాకింది. ఎత్తు ఎక్కువగా ఉందని కంట్రోలర్ చెప్పారు, కాక్‌పిట్‌లో హెచ్చరికలు మోగుతూనే ఉన్నాయి. నేలకు రాసుకుని దెబ్బతిన్న ఇంజన్లు, విమానం మళ్ళీ లేచాక ఆగిపోయాయి. 99 మందిలో ఇద్దరే మిగిలారు. అదే ఏడాది ఆగస్టు 7న కోళికోడ్‌లో, వానలో, వెనుక నుంచి గాలి తోస్తుండగా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 1344 విమానం 8,858 అడుగుల రన్‌వేలో సగం దాకా గాలిలోనే వెళ్ళి దిగి, ఆగలేక రన్‌వే చివర దాటిపోయింది. 21 మంది చనిపోయారు.

ఈ మూడింటికీ మూలం ఒక్కటే: "ఇంత దూరం వచ్చాం, దిగేద్దాం" అన్న పట్టు. కింద రన్‌వే కనిపిస్తున్నకొద్దీ ఆ పట్టు బిగుస్తుంది. అలసట దాన్ని మరింత పెంచుతుంది. గో-అరౌండ్ చేస్తే సంజాయిషీ అడుగుతారన్న భయం కూడా దానికి తోడవుతుంది. అలా భయపెట్టే వాతావరణం ఉన్న చోట తప్పు పైలట్ ఒక్కరిదే అనడం అన్యాయం.

పరిష్కారం: నిర్ణయాన్ని ఆ క్షణానికి వదలకండి. మేఘాల్లో దిగుతుంటే వెయ్యి అడుగుల దగ్గర, బయట స్పష్టంగా కనిపిస్తుంటే ఐదు వందల అడుగుల దగ్గర చక్రాలు, ఫ్లాప్స్ (రెక్కల అంచున దించే పలకలు), వేగం, దిగే దారి అన్నీ సరిగ్గా ఉండాలి. ఒక్కటి తప్పినా గో-అరౌండ్. ఈ మాటను బ్రీఫింగ్‌లోనే పైకి అనుకోవాలి: "ఇద్దరిలో ఎవరు గో-అరౌండ్ అన్నా, చర్చ లేకుండా పైకి వెళ్తాం." రివర్సర్లు తెరిచాక మాత్రం ఆగడమే, మళ్ళీ ఎగిరే ఆలోచన చేయకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మన తీరాన్ని తడుపుతాయి. ఆ రోజుల్లో చెన్నైలోనో రేణిగుంటలోనో దిగాల్సి వస్తే, తడి రన్‌వేకు, వెనుక గాలికి కావలసిన దూరం ముందే లెక్క వేసుకోండి. అది చాలకపోతే ఎక్కడికి మళ్ళించాలో కూడా బయలుదేరే ముందే తెలిసి ఉండాలి.

అలసట గురించి ఇంకొక మాట. నెల్లూరు నుంచి రాత్రంతా కారులో వెళ్ళి చెన్నైలో ఉదయం డ్యూటీ ఎక్కడం ఏ నిబంధన పుస్తకంలోనూ డ్యూటీగా కనిపించకపోవచ్చు, శరీరానికి మాత్రం అది డ్యూటీయే. ముందురోజే చేరుకుని నిద్రపోండి.

లక్షణం: తప్పు తెలుస్తోంది, గొంతు పెగలడం లేదు

నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది ఇది. మన ఇళ్ళలో పెద్దవారి మాటకు ఎదురు చెప్పకూడదని నేర్పుతారు. అది మంచి మర్యాద. కానీ అదే మర్యాద కాక్‌పిట్‌లో, "సార్, కొంచెం ఎత్తుగా ఉన్నామేమో..." అని సగంలో ఆగిపోయే వాక్యంగా బయటికి వస్తుంది. ఈ ఇబ్బంది మన దగ్గరే ఉందనుకోకండి. 1977 మార్చి 27న టెనెరిఫేలో, పొగమంచులో, పాన్ యామ్ విమానం ఇంకా రన్‌వే మీదే ఉందేమోనని, టేకాఫ్‌కు పరుగెడుతున్న కేఎల్ఎం విమానంలోని ఫ్లైట్ ఇంజనీరు అడిగారు. లేదు, ఖాళీ అయిందని కెప్టెన్ గట్టిగా చెప్పడంతో ఆయన ఊరుకున్నారు. రెండు విమానాలూ ఢీకొన్నాయి. 583 మంది చనిపోయారు. 1990 జనవరి 25న న్యూయార్క్ దగ్గర ఏవియాంకా 52 ఇంధనం అయిపోయి కూలింది. అత్యవసర పరిస్థితి అని చెప్పమని కెప్టెన్ అన్నారు. ఫస్ట్ ఆఫీసర్ కంట్రోలర్‌కు ఇంధనం తగ్గిపోతోందని మాత్రమే చెప్పారు, ఎమర్జెన్సీ అన్న మాట వాడలేదు. 73 ప్రాణాలు పోయాయి. కోళికోడ్ నివేదిక మరింత సూటిగా ఉంది: ఫస్ట్ ఆఫీసర్ గో-అరౌండ్ అన్నారు, కెప్టెన్ వినలేదు, అప్పుడు నియంత్రణ తన చేతికి తీసుకుని ఉండాల్సింది.

దీనికి పరిష్కారం ధైర్యం కూడగట్టుకోవడం కాదు, మెట్ల వారీగా మాట్లాడే అలవాటు. మొదట అంకె చెప్పండి: "వేగం ఇరవై నాట్లు ఎక్కువ, సార్." స్పందన లేకపోతే చేయవలసిన పని చెప్పండి: "గో-అరౌండ్ చేయాలి, సార్." అప్పటికీ లేకపోతే హెచ్చరించండి: "కెప్టెన్, ఇది సురక్షితం కాదు, గో-అరౌండ్!" చివరిది, "నియంత్రణ నా చేతిలోకి తీసుకుంటున్నాను" అని చెప్పి తీసుకోవడం. గౌరవం "సార్"లో ఉండనివ్వండి, వాక్యం మాత్రం పూర్తి కావాలి. ఈ నాలుగు మెట్లనూ సిమ్యులేటర్‌లో నోటితో పలికి సాధన చేయాలి. చదివితే చాలదు.

కెప్టెన్లకూ ఇందులో పని ఉంది. మంగళూరు విచారణలో, ఫస్ట్ ఆఫీసర్ తానే గో-అరౌండ్ మొదలుపెట్టవచ్చా అన్న విషయంలో నిబంధనల అస్పష్టత ఉందని తేలింది. ఎక్కగానే పక్క సీటువారితో "నేను తప్పు చేస్తే ఆపండి, నేనేమీ అనుకోను" అని మీరే చెప్పండి. ఆ ఒక్క మాటతో గొంతు సగం తెరుచుకుంటుంది.

లక్షణం: అందరూ ఒకే చిన్న సమస్య మీద వంగిపోయారు

1972 డిసెంబరు 29 రాత్రి మయామీ దగ్గర ఈస్టర్న్ 401లో ముందు చక్రం దిగిందని తెలిపే దీపం వెలగలేదు. సిబ్బంది ఆ దీపంతో కుస్తీ పడుతుండగా ఆటోపైలట్ ఎత్తును నిలిపి ఉంచడం మానేసింది. ఎవరూ గమనించలేదు. ఎత్తు తగ్గుతోందని గంట మోగినా పట్టించుకోలేదు. 101 మంది చనిపోయారు, చక్రం మాత్రం సరిగ్గానే దిగి ఉంది. 1978 డిసెంబరు 28న పోర్ట్‌లాండ్‌లో యునైటెడ్ 173 చక్రాల సమస్య చూసుకుంటూ గంటసేపు తిరిగి, ఇంధనం అయిపోయి కూలింది. పది మంది చనిపోయారు. కాక్‌పిట్‌లో కలిసి పనిచేయడం మీద ఇప్పుడు మీకు ఇచ్చే శిక్షణ ఈ ప్రమాదం తరువాతే రూపుదిద్దుకుంది.

ప్రకాశం జిల్లా వారికి నల్లమల పరాయిది కాదు. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ ఆ అడవిలోనే కూలింది. అయిదుగురూ చనిపోయారు. అది విమానయాన సంస్థది కాకపోయినా లక్షణం అదే: ఆయిల్ వ్యవస్థ హెచ్చరికకు చెక్‌లిస్టులో జవాబు వెతకడంలో సిబ్బంది విలువైన నిమిషాలు గడిపారు. బయట వాతావరణం తీవ్రంగా ఉంది. కిందికి తోసే బలమైన గాలి ప్రవాహంలో హెలికాప్టర్ చిక్కుకుంది.

పరిష్కారం: సమస్య కనిపించగానే ముందు పని పంచండి. "మీరు నడపండి, నేను చూస్తాను" అని పైకి అనాలి. నడిపేవారు ఆ సమస్య వైపు చూడకూడదు, ఎత్తు, వేగం, దిశ మాత్రమే వారి పని. దానికి ఎన్ని నిమిషాలు ఇస్తారో, ఎంత ఇంధనం మిగిలేసరికి దిగాలో కాగితం మీద రాసుకోండి.

లక్షణం: వేగం సూచిక నమ్మలేని అంకె చూపిస్తోంది, లేదా స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) హెచ్చరిక మోగుతోంది

2009 జూన్ 1న అట్లాంటిక్ మీద ఎయిర్ ఫ్రాన్స్ 447లో గాలి వేగం కొలిచే పిటో గొట్టాలు మంచుతో మూసుకుపోయి ఆటోపైలట్ ఆగిపోయింది. గొట్టాలు ఒక నిమిషంలోపే తేరుకున్నాయి. ఈలోపు పైలట్ ముక్కు పైకెత్తి విమానాన్ని స్టాల్‌లోకి తీసుకెళ్ళారు. సముద్రాన్ని తాకేదాకా దాదాపు అలాగే పట్టుకున్నారు. 228 మంది పోయారు. అదే ఏడాది ఫిబ్రవరి 12న బఫెలో దగ్గర కోల్గన్ 3407లో కూడా స్టాల్ హెచ్చరిక రాగానే కెప్టెన్ నియంత్రణ కర్రను వెనక్కి లాగారు. 50 మంది చనిపోయారు. భయపడ్డ చెయ్యి సహజంగా వెనక్కే లాగుతుంది, దాన్ని శిక్షణే మార్చాలి. వేగం నమ్మదగినది కానప్పుడు మీ విమానానికి నిర్ణయించిన ముక్కు కోణం, ఇంజన్ శక్తి పెట్టి స్థిరంగా ఉండండి. స్టాల్ అయితే ముందు ముక్కు దించండి, మిగతావన్నీ తరువాత.

లక్షణం: చీకట్లో సముద్రం మీద ఎటు వంగామో తెలియడం లేదు

జువ్వలదిన్నె, కొత్తపట్నం వైపు రాత్రి తీరం మీద ఎగిరితే పడవల దీపాలు నక్షత్రాల్లా కనిపించవచ్చు. చంద్రుడు లేకపోతే నీటికీ ఆకాశానికీ మధ్య గీత ఉండదు. 1978 జనవరి 1న బొంబాయి నుంచి లేచిన ఎయిర్ ఇండియా 855లో కెప్టెన్ ముందున్న కోణం సూచిక పాడైంది. విమానం ఇంకా కుడివైపే వంగి ఉందని నమ్మి ఆయన ఎడమకు తిప్పుతూనే ఉన్నారు. 213 మందితో అది అరేబియా సముద్రంలో పడింది. ఫస్ట్ ఆఫీసర్ వైపు ఒక సూచిక, అదనంగా ఇంకొకటి ఉన్నాయి. రెండు సూచికలు విభేదిస్తే మూడోదాన్ని చూడండి, ఏ రెండు కలుస్తాయో వాటినే నమ్మండి. శరీరం చెప్పేది అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

లక్షణం: పైకి వెళ్తుండగా హారన్, కారణం అర్థం కాదు

2005 ఆగస్టు 14న హీలియోస్ 522లో క్యాబిన్ పీడనం మీట మాన్యువల్‌లో ఉండిపోయింది. పీడనం తగ్గుతోందని మోగిన హారన్‌ను సిబ్బంది టేకాఫ్ హెచ్చరిక అనుకున్నారు, రెండింటి శబ్దం ఒకటే కాబట్టి. ఆక్సిజన్ అందక స్పృహ తప్పారు. 121 మంది చనిపోయారు. గాలిలో ఆ హారన్ వింటే ముందు మాస్క్ పెట్టుకోండి, కారణం తరువాత వెతకవచ్చు.

లక్షణం: చెక్‌లిస్ట్ మధ్యలో ఎవరో పలకరించారు

2008 ఆగస్టు 20న మాడ్రిడ్‌లో స్పానెయిర్ 5022 చిన్న మరమ్మతు కోసం వెనక్కి వచ్చి మళ్ళీ బయలుదేరింది. ఆ హడావుడిలో ఫ్లాప్స్ దించలేదు, హెచ్చరిక హారన్ కూడా మోగలేదు. 154 మంది పోయారు. చెక్‌లిస్ట్ ఆగితే ఆగిన చోటు నుంచి కాకుండా మొదటి వరుస నుంచి మళ్ళీ చదవండి. ఫ్లాప్స్ అన్నప్పుడు మీట మీద చెయ్యి, సూచిక మీద కన్ను రెండూ ఉండాలి.