బ్లో ల్యాంపు మొరాయిస్తే పంపు జోలికి వెళ్ళకండి: లక్షణం చూసి లోపం పట్టుకునే పద్ధతి

కిరోసిన్ బ్లో ల్యాంపు, అంటే లోహాన్ని కాచడానికో పాత రంగు కాల్చడానికో వాడే, మంట చిమ్మే చేతి దీపం, సరిగా మండకపోతే చాలామంది వెంటనే పంపు అందుకుని నాలుగు దెబ్బలు గాలి కొడతారు. మంట చిన్నదైతే గాలి, పసుపుపచ్చగా ఉంటే గాలి, తుళ్ళిపడుతున్నా గాలే. కేబుల్ జాయింట్ల పనిలో ఈ దీపంతో ఏళ్ళ తరబడి గడిపిన వాణ్ణి కాబట్టి గట్టిగా చెప్పగలను: దీపానికి వచ్చే జబ్బుల్లో గాలి తక్కువైనందువల్ల వచ్చేవి కొన్నే. మిగతా వాటికి గాలి కొడితే జబ్బు ముదురుతుంది, ఒక్కోసారి చేతులు కాలతాయి. అందుకే ముందు మంటను చూడండి, మోతను వినండి. పంపు సంగతి ఆ తర్వాత.

ముందుగా, ఇది ఎలా మండుతుంది?

బ్లో ల్యాంపులో గ్యాసు ఉండదు. తనకు కావలసిన గ్యాసును అది తానే వండుకుంటుంది. ఇత్తడి ట్యాంకులో ముప్పాతిక వంతు కిరోసిన్ పోసి, పైన మిగిలిన చోట పంపుతో గాలి నింపుతాం. ఆ గాలి ఒత్తిడికి కిరోసిన్ ఒక సన్నని గొట్టం గుండా పైకెక్కి, మంటకు ఆనుకుని ఉన్న ఆవిరి గొట్టంలోకి చేరుతుంది. కిరోసిన్ సుమారు 150 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ మధ్య మరుగుతుంది. ఆ వేడి అందితే ఆవిరై, నిప్పిల్ (గొట్టం కొసన ఉండే సన్నని ఇత్తడి మూతి) రంధ్రం నుంచి వేగంగా దూసుకువస్తుంది. వస్తూ వస్తూ బర్నరు గొట్టం వెనుక ఉన్న రంధ్రాల నుంచి బయటి గాలిని తనతో లాక్కుని, నీలి మంటగా బుస్సుమంటూ మండుతుంది. అదే మంట మళ్ళీ ఆవిరి గొట్టాన్ని వేడిగా ఉంచుతుంది. ఒకసారి రాజుకుంటే తన వేడితో తానే నడుస్తుంది గానీ, ఆ మొదటి వేడి మాత్రం బయటి నుంచి మనమే ఇవ్వాలి. బర్నరు కింద ఉన్న చిన్న కప్పులో స్పిరిట్ పోసి వెలిగించేది అందుకే.

ఇంధనాన్ని ఇలా మంట వేడితోనే ఆవిరి చేసే దీపాన్ని 1882 ప్రాంతంలో స్వీడన్‌లో కార్ల్ రిచర్డ్ నీబెరి తయారుచేశాడు. పదేళ్ళ తర్వాత అదే దేశంలో వచ్చిన ప్రైమస్ స్టవ్వుదీ ఇదే సూత్రం. గ్యాసు రాకముందు మన వంటిళ్ళలో మోగిన పంపు స్టవ్వు దాని సంతతే. పంపు స్టవ్వుకు పిన్ను గుచ్చిన చేతులకు బ్లో ల్యాంపు కొత్తగా అనిపించదు.

పసుపుపచ్చటి పొడవాటి మంట, మధ్యమధ్య కిరోసిన్ చుక్కలు

అన్నిటిలోకి ప్రమాదమైన లక్షణం ఇదే, తరచుగా ఎదురయ్యేదీ ఇదే. ఆవిరి గొట్టం ఇంకా కాగలేదు. కిరోసిన్ ఆవిరి కాకుండా ద్రవంగానే నిప్పిల్ నుంచి చిమ్ముతూ గాలిలో అంటుకుంటోంది. ఇప్పుడు పంపు కొట్టడమంటే మండుతున్న పిచికారీకి బలం ఇవ్వడమే.

నేను పని నేర్చుకునే రోజుల్లో, ముసురు పట్టిన ఒక సాయంత్రం, రోడ్డు పక్క గోతిలో దీపం వెలిగించాను. గాలికి స్పిరిట్ మంట అటూ ఇటూ ఊగింది, కప్పులో సగం ఉండగానే ఆరిపోయింది. సరిపోయిందిలే అనుకుని పంపు కొట్టాను. మూర పొడవున పచ్చటి మంట లేచింది. గోతి గోడ మీద తడి మట్టి చిటపటలాడింది. మేస్త్రి ఒక్క మాట అనకుండా ఎడమచేత్తో గాలి మర (ట్యాంకులోని గాలిని బయటికి వదిలే మర) తిప్పేశాడు. బుస్‌మని గాలి పోయింది, మంట కూలిపోయింది. తర్వాత నెమ్మదిగా, "అది ఇంకా ఉడకలేదురా, అప్పుడే వడ్డించమంటావా?" అన్నాడు.

పరిష్కారం అదే వరుసలో. గాలి మర పూర్తిగా వదలండి. మంట ఆరిపోయాక, చిమ్మిన కిరోసిన్‌ను గుడ్డతో తుడవండి. కప్పు చల్లబడేదాకా ఆగి స్పిరిట్ నిండుగా పోసి వెలిగించండి. గాలి వీచే చోట రేకు ముక్క అడ్డం పెట్టండి. స్పిరిట్ దాదాపు అయిపోతుండగా గాలి మర బిగించి నాలుగైదు దెబ్బలు మాత్రమే కొట్టండి. నీలి మంట నిలకడగా పట్టుకుని మోత సమంగా వచ్చాక మిగతా గాలి నింపుకోవచ్చు. చలికాలంలో ఒక కప్పు చాలకపోతే, మొదటిది పూర్తిగా ఆరాకే రెండో కప్పు పోయండి. ఈ మాట నొక్కి చెబుతున్నాను: ఎండలో స్పిరిట్ మంట కంటికి కనిపించదు. ఆరిందనుకుని సీసా వంచితే మంట సీసాలోకి ఎగబాకుతుంది. స్పిరిట్ దొరకలేదని కప్పులో పెట్రోలు పోసేవాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయవద్దు.

బాగానే మండుతూ మెల్లగా నీరసించడం, మంట ఒక పక్కకు ఒరగడం

ట్యాంకులో ఇంధనం ఉండి, గాలి కూడా ఉంటే, నిప్పిల్‌లో మసి చేరినట్టే. ఆ రంధ్రం వెడల్పు మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. ఆవిరి గొట్టంలో పేరుకున్న బొగ్గు నలక ఒక్కటి వచ్చి అడ్డం పడితే చాలు.

గాలి వదిలి, బర్నరు చల్లారాక పిన్ను గుచ్చండి. పిన్ను రంధ్రం కన్నా సన్నగా ఉండాలి, నిటారుగా వెళ్ళాలి. ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి, అంతే. గుండుసూదితో గిరగిరా తిప్పితే ఇత్తడి అరిగి రంధ్రం పెద్దదవుతుంది, గుండ్రనితనం కూడా పోతుంది. ఆ తర్వాత మంట ఎప్పటికీ సరిగా నిలబడదు. పిన్ను గుచ్చినప్పుడల్లా నలక లోపలికే జారి, పది నిమిషాల్లో మళ్ళీ అడ్డం పడుతుంటే నిప్పిల్ విప్పి వెనుక నుంచి ఊదాలి. విప్పేటప్పుడు సరైన స్పానరే వాడండి. కటింగ్ ప్లయరుతో పట్టుకుంటే అంచులు నలిగి మరోసారి విప్పడానికి పట్టు దొరకదు.

వారానికొకసారి పిన్ను గుచ్చవలసి వస్తోందంటే తప్పు నిప్పిల్‌ది కాదు, ఆవిరి గొట్టం లోపలంతా మసి గట్టిపడింది. విప్పడానికి వీలున్న గొట్టమైతే సైకిల్ బ్రేకు తీగ పోగులు రెండు మూడు పురిపెట్టి లోపలికి దూర్చి ముందుకూ వెనక్కూ లాగండి. నల్లటి పెచ్చులు రాలతాయి. అవన్నీ పోయేదాకా కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి బిగించండి.

బాగా కాగిన తర్వాత కూడా పచ్చగానే మండితే

వేడి చాలింది, అయినా నీలం రావడం లేదంటే ఆవిరికి తగినంత గాలి కలవడం లేదు. బర్నరు గొట్టం వెనుక రంధ్రాల్లోకి వెలుతురు వేసి చూడండి. చాలాకాలం మూల పడేసిన దీపంలో కందిరీగ మట్టిగూడు ఉండటం నేను ఒకటి కంటే ఎక్కువసార్లు చూశాను. రంధ్రాలు శుభ్రంగా ఉంటే నిప్పిల్ అరిగిందేమో చూడాలి. అరిగిందానికి మందు లేదు, కొత్తది వేయవలసిందే. నిప్పిల్ వంకరగా కూర్చున్నా ఆవిరి వెళ్ళి బర్నరు గొట్టం గోడకు తగిలి ఇదే తంతు జరుగుతుంది.

మిగిలింది ఇంధనం. రేషన్ కిరోసిన్ దొరకడం అరుదయ్యాక కొందరు డీజిల్ పోస్తున్నారు. డీజిల్ కిరోసిన్ కన్నా బరువైన నూనె, మరగడానికి ఇంకా ఎక్కువ వేడి అడుగుతుంది. ఆవిరి కాని భాగమంతా గొట్టంలో బొగ్గుగా మిగులుతుంది. ఖర్చు ఎక్కువైనా బయట అమ్మే తెల్ల కిరోసిన్ కొనండి. దీపం ఆయుష్షు లెక్క వేసుకుంటే అదే చవక.

ఇక పెట్రోలు. కిరోసిన్ దీపంలో పెట్రోలు ఒక్క చెంచా కూడా కలపకూడదు. కిరోసిన్ ఆవిర్లు నిప్పంటుకోవాలంటే సుమారు 38 డిగ్రీలైనా వేడెక్కాలి. పెట్రోలుకు సున్నా కన్నా దాదాపు 40 డిగ్రీల కిందనే ఆ గుణం ఉంది. పైగా కిరోసిన్ దీపాన్ని ఆర్పేది గాలి మర వదిలి. ట్యాంకులో పెట్రోలు ఉంటే ఆ మర నుంచి వచ్చేది గాలి కాదు, పెట్రోలు ఆవిరి. రెండంగుళాల దూరంలో ఎర్రగా కాగిన బర్నరు ఉంటుంది.

మంట తుళ్ళిపడటం, తుపుక్ తుపుక్ మని చప్పుడు

కిరోసిన్‌లో నీళ్ళు. నీరు బరువు కాబట్టి ట్యాంకు అడుగున చేరుతుంది. పైకెక్కే గొట్టం అడుగు నుంచే పీలుస్తుంది. కాగిన గొట్టంలో నీటిచుక్క పడగానే ఆవిరై ఉబ్బి మంటను నెట్టేస్తుంది. ట్యాంకు ఖాళీ చేసి, కిరోసిన్‌ను గాజుసీసాలో కాసేపు ఉంచితే అడుగున నీటి పొర కనిపిస్తుంది. పై నూనె మాత్రం వంచుకుని, గుడ్డతో వడగట్టి పోయండి. నీళ్ళు లేకపోతే ఆవిరి గొట్టంలో మసి సంగతి చూడండి, పైన చెప్పాను.

పంపు చేతికి చెప్పే సంగతులు

గాలి కొట్టేటప్పుడు పిడి చేతికి ఎలా తగులుతోందో గమనిస్తే లోపం ఎక్కడుందో ట్యాంకు విప్పకుండానే తెలుస్తుంది.

పిడి ఏ అడ్డూ లేకుండా జారిపోతుంటే తోలు వాషర్ ఎండిపోయింది. కప్పులాంటి ఆ తోలు అంచులు పంపు గోడను ఒత్తుకుని ఉంటేనే గాలి కిందికి వెళుతుంది. కిరోసిన్ తగిలిన కొద్దీ తోలులోని నూనె పోయి ముడుచుకుంటుంది. కడ్డీ బయటికి తీసి, వాషర్‌కు ఆముదం బాగా పట్టించి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున అంచులను బొటనవేలితో నెమ్మదిగా బయటికి విప్పండి. లోపలికి దించేటప్పుడు అంచు మడత పడకుండా, కడ్డీని తిప్పుతూ దించాలి. మొదటి దెబ్బకే తేడా తెలుస్తుంది: మెత్తగా, బరువుగా, చేతికి ఎదురు తిరుగుతున్నట్టు ఉంటుంది. తోలు చీలిపోయి ఉంటేనే కొత్తది కొనండి.

పిడి కిందికి నొక్కి వదలగానే తానే పైకి లేస్తుంటే లోపం వేరు. పంపు అడుగున ఉన్న వాల్వు మూసుకోవడం లేదు. ట్యాంకులోని గాలి వెనక్కి తంతోంది. దాని వెంబడే కిరోసిన్ పంపులోకి వస్తుంది, పిడి పక్క నుంచి కారుతుంది. మంట పక్కనే కారే కిరోసిన్ సంగతి వేరే చెప్పనక్కరలేదు. దీపం ఆర్పి, గాలి వదిలి, పొడవాటి స్పానరుతో ఆ వాల్వు బయటికి తీయండి. లోపల చిన్న స్ప్రింగు, దాని కొసన గింజంత రబ్బరు ఉంటాయి. రబ్బరు గట్టిపడి నొక్కు పడి ఉంటే మార్చండి. నలక మాత్రమే ఉంటే తుడిస్తే చాలు.

పంపు బాగానే ఉన్నా గంటలో గాలి దిగిపోతుంటే, దీపం వెలిగించకుండా కాస్త గాలి నింపి మూత చుట్టూ, గాలి మర చుట్టూ సబ్బునీళ్ళు రాయండి. బుడగలు వచ్చిన చోట వాషర్ మార్చండి.

అతుకుల దగ్గర చిన్న చిన్న మంటలు

నిప్పిల్ మొదట్లోనో, బర్నరు బిగించే చోటో గోరంత మంట కనిపిస్తే పని ఆపండి. వేడి మీద బిగించబోతే మర తెగుతుంది. చల్లారాక విప్పి, మసి గీకి, బిగించండి. ఇక్కడ నల్లా పనివాళ్ళు వాడే టెఫ్లాన్ టేపు చుట్టకండి. అది 260 డిగ్రీలు దాటితే పాడవుతుంది, విషపు పొగ వదులుతుంది. ఈ అతుకులు అంతకు మించి కాగుతాయి. వేడికి ఆగే గ్రాఫైటు ప్యాకింగే వాడాలి.

ట్యాంకు చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది

వెంటనే గాలి వదిలి ఆర్పండి. గోడ మూలలోకి మంట పెట్టినప్పుడు వేడి వెనక్కి కొట్టి ట్యాంకు మీద పడుతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది, మంట దానంతటదే ఉగ్రమవుతుంది. ఎంతోమంది దాన్ని చూసి దీపం బాగా పనిచేస్తోందని మురిసిపోతారు. పాత ఇత్తడి ట్యాంకుల అతుకులు చాలావరకు తగరం, సీసం కలిపిన మాటుతో వేసినవి. ఆ మాటు 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. అడుగు ఉబ్బిన ట్యాంకును, ఒకసారి మాటు వదిలిన ట్యాంకును మళ్ళీ వాడవద్దు.

మంట బాగుంది, మనిషికే బాగాలేదు

తలనొప్పి, మగత, వాంతి వచ్చినట్టు ఉండటం. మూసిన గదిలోనో గోతిలోనో దీపం మండితే కార్బన్ మోనాక్సైడు చేరుతుంది, దానికి వాసన ఉండదు. దీపం వదిలేసి ముందు బయటి గాలిలోకి రండి. పాత తలుపుల రంగు కాల్చి గీకేవాళ్ళకు ఇంకో ముప్పు, సీసం. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎంకు (పది లక్షల వంతుల్లో 90 వంతులకు) మించరాదన్న నియమం 2017 నవంబరులో అమలుకు వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును కాల్చకుండా, తడిపి గీకడం మేలు.

ఆర్పాక

గాలి మర వదిలి, మోత ఆగేదాకా అక్కడే ఉండండి. బర్నరు పూర్తిగా చల్లారాకే కిరోసిన్ పోయండి. చాలా రోజులు వాడకుండా ఉంచేటట్టయితే ట్యాంకు ఖాళీ చేసి, వాషర్‌కు రెండు చుక్కలు ఆముదం వేసి, గాలి మర వదులుగా ఉంచండి. బర్నరు మూతికి గుడ్డ చుట్టండి, కందిరీగలు గూడు పెట్టకుండా.