అపలాచియన్ తొలితరం రైతు వంశచరిత్ర వెతకడం – మూడో పాఠం: పేరు వెంట కాదు, భూమి వెంట

అమెరికా 1850 జనగణన దగ్గర దారి మూసుకుపోయినవాళ్ల కోసం ఈ పాఠం. బానిసలు కాని ప్రతి మనిషి పేరూ జనగణనలో రాయడం ఆ ఏడాదే మొదలైందని రెండో పాఠంలో చూశాం. అంతకుముందు ఇంటి పెద్ద పేరు ఒక్కటే ఉంటుంది. భార్యాబిడ్డలంతా వయసు గడుల్లో అంకెలే. ఆ అంకెలైనా అన్నిచోట్లా మిగల్లేదు. వర్జీనియా, కెంటకీల 1790, 1800 లెక్కలు పోయాయి. తూర్పు టెనెసీకి 1820 లెక్క కూడా లేదు.

అంతటితో చేతులెత్తేయక్కర్లేదు. అమెరికా తూర్పున ఉన్న ఈ అపలాచియన్ కొండల్లో దిగిన రైతు చదువుకున్నవాడు కాకపోయినా, ఉత్తరం ముక్క రాయకపోయినా, నేల కోసం దరఖాస్తు పెట్టుకున్నాడు, పన్ను కట్టాడు. ఆ కాగితాలు చాలావరకు ఉన్నాయి. చిక్కల్లా పేర్లతోనే. ఒకే లోయలో ఒకే పేరున్నవాళ్లు నలుగురుంటారు. పేరు పట్టుకుని పోతే ముగ్గురి జీవితాలు కలిపి ఒక తాతను తయారుచేస్తాం. ఇంటర్నెట్‌లో తిరిగే వంశవృక్షాల్లో సగం తప్పులు అలా పుట్టినవే. భూమి అయితే ఒకే కాలంలో రెండుచోట్ల ఉండదు కదా.

వర్జీనియా నైరుతి మూలన ఇప్పటి స్కాట్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), క్లించ్ నది పరివాహకంలో 1775 ప్రాంతంలో వచ్చి దిగిన ఒక రైతును ఉదాహరణగా తీసుకుందాం.

ఏ కోర్టు హౌస్?

స్కాట్ కౌంటీ కాగితాలు దాని కేంద్రం గేట్ సిటీలోని కోర్టు హౌస్‌లో ఉంటాయి. కానీ ఆ కౌంటీ పుట్టిందే 1814లో, లీ, రస్సెల్, వాషింగ్టన్ కౌంటీల నుంచి తలా ఒక ముక్క తీసి. రస్సెల్ 1786లో వాషింగ్టన్ నుంచి విడిపోయింది. వాషింగ్టన్ 1776 చివర్లో ఫిన్‌కాసిల్ కౌంటీని మూడుగా విడగొట్టినప్పుడు ఏర్పడింది. ఫిన్‌కాసిల్ 1772లో బొటెటార్ట్ నుంచి వచ్చింది. అంటే మన రైతు గడప దాటకుండానే మూడు నాలుగు కౌంటీల్లో కాపురం చేశాడు. విడిపోయిన కౌంటీకి పాత పుస్తకాలు పంపరు, అవి తల్లి కౌంటీలోనే ఉంటాయి. కాబట్టి 1776కి ముందుది ఫిన్‌కాసిల్ పుస్తకాల్లో, తరవాతిది అబింగ్డన్‌లో (వాషింగ్టన్), 1786 నుంచి లెబనాన్‌లో (రస్సెల్), 1814 నుంచి గేట్ సిటీలో చూడాలి.

ఇక్కడ రెండు గోతులున్నాయి. ఫిన్‌కాసిల్ కౌంటీ కాగితాలు ఫిన్‌కాసిల్ ఊళ్లో లేవు. ఆ ఊరు బొటెటార్ట్ కౌంటీ కేంద్రం. రద్దయిన ఫిన్‌కాసిల్ కౌంటీ పుస్తకాలు మాంట్‌గామరీ కౌంటీ కేంద్రం క్రిస్టియన్స్‌బర్గ్‌లో ఉన్నాయి. రెండోది, వర్జీనియా సరిహద్దు గీతకు దక్షిణాన జోన్స్‌బరో కేంద్రంగా ఇంకో వాషింగ్టన్ కౌంటీ ఉంది. అది మొదట నార్త్ కరోలినాది, 1796 నుంచి టెనెసీది. పైగా వర్జీనియాకూ నార్త్ కరోలినాకూ మధ్య గీతను ఇంత పడమటిదాకా లాగింది 1779–80లోనే. హోల్‌స్టన్ లోయలో వర్జీనియా అనుకుని స్థిరపడ్డవాళ్లలో చాలామంది తీరా చూస్తే అవతలి రాష్ట్రంలో తేలారు. గీతకు దగ్గరగా ఉన్న కుటుంబమైతే రిచ్‌మండ్‌లోని లైబ్రరీ ఆఫ్ వర్జీనియాలో ఉన్న పట్టాలతో పాటు నార్త్ కరోలినా పట్టాలూ చూసి తీరాలి.

ముందుగా ఒక కాగితం మీద ఏడాది, అప్పటి కౌంటీ, ఇప్పుడు ఆ పుస్తకం ఎక్కడుంది అని మూడు వరసలు గీసుకోండి. అది పూర్తికాకుండా వెతుకులాటకు దిగొద్దు.

పట్టా పుట్టే క్రమం

వర్జీనియా 1779 భూచట్టం ప్రకారం ప్రభుత్వ భూమి చేతికి రావాలంటే నాలుగు మెట్లు. వారంట్ అంటే ఇన్ని ఎకరాలకు హక్కు ఉందనే చీటీ. ఎంట్రీ అంటే ఫలానా చోట కావాలని కౌంటీ సర్వేయర్ పుస్తకంలో రాయించడం. ఆ తరవాత సర్వే, చివరికి గవర్నర్ సంతకంతో గ్రాంట్, అదే పట్టా. 1778 జనవరి 1కి ముందే వచ్చి ఏడాదిపాటు ఉన్నవాడికి, లేదా ఒక మొక్కజొన్న పంట తీసినవాడికి, 400 ఎకరాలు స్థిరనివాసం కింద దక్కేవి. దాని పక్కనే ఇంకో 1000 ఎకరాల దాకా కొనుక్కునే ముందస్తు హక్కు కూడా ఉండేది. ఈ హక్కులు తేల్చడానికి కమిషనర్లు ఇచ్చిన సర్టిఫికెట్లు మనకు బంగారమే. మనిషి ఏ ఏడాది వచ్చి స్థిరపడ్డాడో వాటిలో రాసి ఉంటుంది.

చాలామంది చివరి కాగితం, అంటే పట్టా, ఒక్కటే చూసి ఆగిపోతారు. పట్టా తేదీకీ మనిషి వచ్చిన తేదీకీ పదేళ్ల తేడా ఉండటం మామూలే. 1787 పట్టా చూసి 1787లో వచ్చాడని రాసుకుంటే, అంతకుముందు అక్కడే పుట్టిన పిల్లలను వేరే రాష్ట్రంలో వెతుక్కుంటూ కూర్చుంటారు. వారంట్లు చేతులు మారేవి కూడా. పట్టాలో ‘ఫలానావాడి అసైనీ’ (అంటే అతని నుంచి హక్కు పుచ్చుకున్నవాడు) అని ఉంటే, మొదట వారంట్ కొన్నవాడు ఆ కొండ ముఖం చూసి ఉండకపోవచ్చు. అతన్ని చుట్టం అనుకోకండి. ఈ నేల అప్పటిదాకా స్థానిక తెగలైన చెరోకీలు, షానీలు తమదన్న నేల. ఆ తెగలతో చేసుకున్న ఒప్పందాల గీత దాటి ముందే వెళ్లి కూర్చున్నవాడికి తొలి ఏళ్లలో ఏ కాగితమూ ఉండదు.

సర్వే కాగితం మీద కొలత గొలుసు పట్టినవాళ్ల పేర్లు ఉంటే (నార్త్ కరోలినా సర్వేల్లో తరచుగా ఉంటాయి) వాటిని వదలొద్దు. మన సర్వే శాఖలో చైన్‌మన్ జీతగాడు. అక్కడ ఆ పని చేసింది ఎక్కువగా కొడుకులు, బావమరుదులు, పక్క పొలంవాళ్లు.

హద్దులు గీసి చూడటం

ఈ కొండల్లో సర్వే నంబర్లు లేవు. చెట్టు నుంచి చెట్టుకు దిక్కు, దూరం చెప్పుకుంటూ పోయి మొదలుపెట్టిన చోటికే చేరతారు. దీన్నే మీట్స్ అండ్ బౌండ్స్ అంటారు. దూరం పోల్స్‌లో ఉంటుంది. రాడ్ అన్నా పెర్చ్ అన్నా అదే. 1 పోల్ అంటే 16.5 అడుగులు. 4 పోల్స్ ఒక గుంటర్ గొలుసు, అంటే 66 అడుగులు. 160 చదరపు పోల్స్ ఒక ఎకరం. ఆ గొలుసు మనకూ పాత చుట్టమే. సగం గొలుసు, అంటే 33 అడుగులు, ఒక్కో పక్కగా చతురస్రం గీస్తే వచ్చే 1089 చదరపు అడుగులే తెలంగాణలో గుంట. కొండల్లో సర్వేయర్లు చాలాసార్లు పట్టుకెళ్లింది ఆ సగం గొలుసునే.

ఒక నమూనా దస్తావేజు: ‘వాగు ఒడ్డున తెల్ల ఓక్ దగ్గర మొదలై, ఉత్తరం 30 తూర్పు 100 పోల్స్ పోప్లర్ దాకా, దక్షిణం 60 తూర్పు 160 పోల్స్ చెస్ట్‌నట్ దాకా, దక్షిణం 30 పడమర 100 పోల్స్ హికరీ దాకా, ఉత్తరం 60 పడమర 160 పోల్స్, మొదటికి.’ మొదటి గీతకు అర్థం: ముఖం ఉత్తరానికి పెట్టి, తూర్పు వైపు 30 డిగ్రీలు తిరిగి, 1650 అడుగులు నడవడం.

గ్రాఫ్ కాగితం మీద ఒక పోల్‌కు ఒక మిల్లీమీటర్ చొప్పున కోణమానినితో గీయండి. ఇది 100 × 160 దీర్ఘచతురస్రం. 16,000 చదరపు పోల్స్, సరిగ్గా 100 ఎకరాలు. గీత మొదటి చెట్టుకు తిరిగి చేరితే హద్దులు మూసుకున్నట్టు.

మూసుకోకపోతే సర్వేయర్‌ను అనుమానించే ముందు నకలు రాసిన గుమస్తాను అనుమానించండి. రెండో గీతలో ‘తూర్పు’ బదులు ‘పడమర’ రాశాడనుకుందాం. ఆ గీత తూర్పుకు పోవాల్సింది 138.6 పోల్స్ (160 × సైన్ 60). నాలుగు గీతలూ ఉత్తరానికి ఎంత, తూర్పుకు ఎంత పోయాయో విడివిడిగా కూడితే (దక్షిణం, పడమర అయితే తీసేస్తూ) ఉత్తర దక్షిణాల తేడా సున్నా, తూర్పు పడమరల తేడా 277 వస్తుంది. అంటే 138.6కు రెట్టింపు. ఒక దిక్కులో తేడా సున్నాగా ఉండి, రెండో దిక్కులో ఏదో ఒక గీత విలువకు రెట్టింపు వచ్చిందంటే ఆ గీతలో అక్షరం తారుమారైనట్టే. తేడా ఒక గీత వెంబడే ఉంటే ఆ గీత పొడవు తప్పు, లేదా ఆ దిక్కున ఒక గీతనే వదిలేశారు. నాలుగైదు పోల్స్ తేడా వస్తే పట్టించుకోవద్దు. కొండవాలు మీద గొలుసు సమంగా పట్టడం కష్టం.

తరవాత అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1:24,000 పటం మీద పెట్టాలి. ఆ కొలతలో ఒక పోల్ 0.21 మిల్లీమీటర్లు. 100 పోల్స్ గీత 21, 160 పోల్స్ గీత 33.5 మిల్లీమీటర్లు. పలచటి కాగితం మీద గీసి, కత్తిరించి, వాగుల మీద జరుపుతూ చూడండి. అప్పటి దిక్కులు అయస్కాంత సూచివి. ఆ ఉత్తరం కాలంతో పాటు కదులుతుంది కాబట్టి ముక్క మొత్తాన్ని కొన్ని డిగ్రీలు తిప్పాల్సి రావచ్చు. గీతలను విడివిడిగా మాత్రం తిప్పొద్దు. ఏ ఏడాదికి ఎంత తిప్పాలో నోవా (అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ) లెక్క ఉచితంగా ఇస్తుంది. ఒక్క పొలంతో చోటు తేలదు. చుట్టుపక్కల అయిదారు పొలాలు గీస్తే ఒకదాని హద్దు ఇంకోదానికి అతుక్కుని గుంపంతా ఒకచోట కుదురుకుంటుంది.

చెట్ల కోసం మాత్రం ఊరికే తిరగొద్దు. 1904లో న్యూయార్క్‌లో బయటపడ్డ తెగులు కొన్ని దశాబ్దాల్లో ఆ కొండల చెస్ట్‌నట్‌లను దాదాపు అన్నిటినీ తినేసింది. నమ్మదగినవి వాగులే, అయితే వాటి పేర్లూ మారాయి. ‘క్లించ్ నీళ్ల మీద’ అని ఉంటే పొలం నది ఒడ్డున ఉందని కాదు, ఆ పొలం నీళ్లు చివరికి క్లించ్‌లోకి పోతాయని. అసలు పొలం కొండ మీద పది మైళ్ల దూరంలో ఉండొచ్చు.

పన్ను జాబితాలో కొడుకుల వయసు

వర్జీనియాలో భూమి పన్నుకు, సొంత ఆస్తి పన్నుకు వేరువేరు జాబితాలు 1782 నుంచి ఏటా ఉన్నాయి. 1808లో ఆస్తి పన్ను వసూలు కాలేదు కాబట్టి ఆ ఏడాది కనపడకపోతే చనిపోయాడనుకోకండి. ఆస్తి జాబితాలో 1780ల చివరి నుంచి ఆ ఇంట్లో 16 దాటిన తెల్లజాతి మగవాళ్లెందరో అంకె ఉంటుంది.

మన రైతు ఎదురుగా 1789లో 1, 1792లో 2, 1794లో 3 ఉందనుకోండి. 1797లో మళ్లీ 2కు తగ్గి, అదే ఇంటిపేరుతో కొత్త మనిషి సొంత వరసలో కనిపించాడు. పెద్దకొడుకు 1776 ప్రాంతంలో పుట్టి, 1792లో 16, 1797లో 21 నిండాయన్నమాట. రెండోవాడు 1778 ప్రాంతంవాడు. అయితే ఒక్క ఏడాది అంకె మీద ఏదీ కట్టకండి. అది అల్లుడో కూలివాడో కావచ్చు. వరసగా పదేళ్లు చూస్తేనే తీరు తెలుస్తుంది. 1787లో హఠాత్తుగా రస్సెల్ జాబితాలోకి వచ్చినవాడు వలస రాలేదు, కౌంటీయే మారింది.

జాబితాను అక్షర క్రమంలో పేర్చినా, అధికారి ఇంటికి వచ్చిన తేదీ చాలాసార్లు పక్కనే రాసి ఉంటుంది. ఒకే తేదీవాళ్లను విడిగా రాసుకుంటే ఇరుగుపొరుగు తయారవుతుంది. ఒకే పేరు ఇద్దరిని వేరుచేసేది అదే. సీనియర్, జూనియర్ అన్న మాటలు మాత్రం తండ్రీకొడుకులని చెప్పవు. మన ఊళ్లలో పెద్ద వెంకయ్య, చిన్న వెంకయ్య అన్నట్టే, వయసులో పెద్ద, చిన్న, అంతవరకే. పెద్దాయన పోతే నిన్నటి జూనియర్ సీనియర్ అయిపోతాడు.

1780ల తొలి జాబితాల్లో బానిసల పేర్లు కూడా చాలాచోట్ల రాశారు. కొండ పొలాల్లో బానిసలు లేరన్నది అబద్ధం. తక్కువ, అంతే. ఆ పేర్లూ నకలు రాసుకోండి. ఇంకో కుటుంబం వెతుకులాటకు అవే ఆధారం.

వచ్చిన భూమి, పోయిన భూమి

ఇప్పుడు అసలు పద్దు. ఎడమవైపు వచ్చిన ప్రతి ఎకరం, అంటే పట్టా, కొనుగోలు. కుడివైపు పోయిన ప్రతి ఎకరం, అంటే అమ్మకం, దానం. దస్తావేజు సూచికలు రెండు విడిగా ఉంటాయి, అమ్మినవాళ్లది గ్రాంటర్, కొన్నవాళ్లది గ్రాంటీ. రెండూ చూడాలి. చేతిరాత దస్తావేజుల్లో ఏ మాట ఉన్నా పట్టే వెతుకు సదుపాయం ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర సైట్లో ఉచితంగా ఉంది. పేరుతో దొరక్కపోతే వాగు పేరుతో వెతకండి. పాత రాతలో జంట ఎస్‌లో మొదటిది ఎఫ్‌లా పొడుగ్గా ఉంటుంది కాబట్టి ‘రాస్’ కోసం ‘రాఫ్స్’ అని కూడా ప్రయత్నించాలి.

ఎడమ 350 ఎకరాలు, కుడి 200 అయితే మిగిలిన 150 ఎక్కడికి పోయాయన్నదే ప్రశ్న. చాలాసార్లు అది వారసులకు వెళ్లి ఉంటుంది. అతను పోయాక పది, ఇరవై ఏళ్లదాకా ఆ 150 ఎకరాల అమ్మకాలు చూడండి. వారసులంతా కలిసి చేసిన దస్తావేజు ఒక్కటి దొరికితే కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్ల పేర్లు వరసగా ఉంటాయి. కొందరు అప్పటికే మిస్సోరి, ఇండియానాలకు వెళ్లిపోయి అక్కడినుంచి సంతకాలు పంపి ఉంటారు. వాటా తగవు కోర్టుకెక్కితే ఇంకా మేలు. వర్జీనియా ఛాన్సరీ (ఇలాంటి తగవులు తేల్చే కోర్టు) దావాలు చాలా కౌంటీలకు లైబ్రరీ ఆఫ్ వర్జీనియా సైట్లో బొమ్మలతో సహా ఉన్నాయి. భార్య పేరు కావాలంటే అమ్మకం దస్తావేజు కింద చూడండి. భర్త ఎదుట లేకుండా ఆమెను విడిగా అడిగి, భర్త భూమిలో తనకున్న మూడో వంతు హక్కు వదులుకుందని రాసేవారు. వేర్వేరు భార్యల పేర్లున్న ఒకే పేరు మనుషులు ఇద్దరైనా కావచ్చు, మారు పెళ్లి చేసుకున్న ఒక్కడైనా కావచ్చు. ఏ పొలం ఎవరిదో చూస్తే తేలుతుంది.

దస్తావేజు రాసిన తేదీ, రిజిస్టరైన తేదీ రెండూ ఎత్తి రాసుకోండి. ఇంట్లోవాళ్ల మధ్య దస్తావేజులు ఏళ్ల తరబడి పెట్టెలో పడి ఉండి, తండ్రి పోయాక కోర్టు చేరేవి.

అభ్యాసం

ఊట దగ్గర ఓక్ నుంచి సరిగ్గా ఉత్తరం 120 పోల్స్, తూర్పు 160 పోల్స్, దక్షిణం 60 పోల్స్, అక్కడినుంచి తిన్నగా మొదటికి. దస్తావేజులో ‘100 ఎకరాలు, కొంచెం అటూ ఇటూగా’ అని ఉంది. చివరి గీత దిక్కు, పొడవు ఎంత? అసలు ఎకరాలెన్ని? గీసిన తరవాతే జవాబు సరిచూసుకోండి: దక్షిణం సుమారు 69 డిగ్రీలు పడమర, 171 పోల్స్, 90 ఎకరాలు. ఇది వచ్చాక మీ కౌంటీలో ఒక వాగు ఎంచుకుని, దాని మీద 1800కు ముందు ఇచ్చిన పట్టాలన్నీ గీయండి. నాలుగో పాఠంలో వీలునామాలు, విప్లవయుద్ధ పింఛను దరఖాస్తులు చూస్తాం. వాటికి ఈ పటం చేతిలో ఉండాలి.