పాత మిషన్ తెప్పించేవాళ్లకు: కాగితాలు ముందు, కంటైనర్ తర్వాత

జడ్చర్లలో మాది జాబ్‌వర్క్ షెడ్డు, అంటే వేరే కంపెనీలకు పార్టులు చేసిస్తాం. జపాన్ నుంచి దిగిన పాత సీఎన్‌సీ లేత్‌ల (కంప్యూటర్‌తో నడిచే, లోహాన్ని చెక్కే మిషన్ల) మీదే మా పని నడుస్తుంది. అందుకని బాలానగర్, కొత్తూరు, చౌటుప్పల్ వైపు నుంచి కుర్రాళ్లు ఫోన్ చేస్తుంటారు. "అన్నా, మిషన్ మంచిగుంది, అడ్వాన్స్ కొట్టాల్నా?" అని అడుగుతారు. ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: ముందు నేమ్‌ప్లేట్ ఫొటో తెప్పించుకో, డబ్బు సంగతి తర్వాత.

నేమ్‌ప్లేట్ అంటే ప్యానెల్ మీదో, మిషన్ వెనకో స్క్రూలతో బిగించిన చిన్న రేకు. మోడల్, సీరియల్ నంబరు, తయారైన సంవత్సరం దాని మీదే ఉంటాయి. జపాన్ మిషన్ల మీద చాలాసార్లు సంవత్సరం వాళ్ల లెక్కలో రాసి ఉంటుంది. హెయ్‌సెయ్ 10 అంటే 1998. హెయ్‌సెయ్ అంకెకు 1988 కలపాలి, అంతకుముందు నడిచిన షోవా అంకెకైతే 1925 కలపాలి. ఉత్త 10 చూసి 2010 అనుకుంటే మిషన్ వయసు పన్నెండేళ్లు తప్పుతుంది. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, మిషన్‌ను పరీక్షించిన ఇంజనీర్ రిపోర్టు మూడింటిలోనూ అదే మోడల్, అదే సీరియల్ నంబరు, అదే సంవత్సరం ఉండాలి. ఇక్కడ దిగాక కస్టమ్స్ వాళ్లు ఎగ్జామినేషన్‌లో కంటైనర్ తెరిచి, ఆ రేకు మీద గ్రీజు తుడిచి, కాగితాలతో ఒక్కో అక్షరం పోల్చి చూస్తారు. సీరియల్‌లో సున్నాకు బదులు 'ఓ' పడినా సరుకు ఆగుతుంది. అందుకే ఫొటోలో అక్షరాలు స్పష్టంగా కనపడేదాకా అమ్మేవాణ్ని వదలొద్దు.

ఇక ఆ మిషన్‌ను అసలు తెచ్చుకోనిస్తారా అన్నది చూసుకోవాలి. దిగుమతి, ఎగుమతుల మీద కేంద్రం పెట్టిన రూల్స్ అయిన ఫారిన్ ట్రేడ్ పాలసీ 2023లో పేరా 2.31 చదవండి. మామూలు పాత క్యాపిటల్ గూడ్స్‌కు (సరుకు తయారుచేసే మిషన్లకు), అంటే లేత్, మిల్లింగ్, ప్రెస్ లాంటివాటికి లైసెన్స్ అక్కర్లేదు. పాత డీజిల్ జనరేటర్లు, ఏసీలు, కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌లు మాత్రం రెస్ట్రిక్టెడ్, అంటే కేంద్రం విదేశీ వ్యాపార శాఖ అయిన డీజీఎఫ్‌టీ అనుమతి కావాలి. కంటైనర్‌లో చోటుంది కదా అని ఒక జనరేటర్ కూడా ఎక్కించారంటే దానితో పాటు లేత్ కూడా ఇరుక్కుంటుంది. రీకండిషన్ చేసిన స్పేర్లకు కనీసం 80 శాతం ఆయుష్షు మిగిలి ఉందని చార్టర్డ్ ఇంజనీర్ సర్టిఫికెట్ ఉండాలి.

దిగుమతికి ఐఈసీ అనే కోడ్ నంబరు ఉండాలి. అది లేకపోతే డీజీఎఫ్‌టీ సైట్‌లో పాన్ నంబరుతో తీసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. ఉన్నవాళ్లు ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు అప్‌డేట్ చేశామా లేదా చూసుకోండి, చేయకపోతే డీయాక్టివేట్ అవుతుంది. జీఎస్టీ, బ్యాంకు ఏడీ కోడ్ (విదేశీ చెల్లింపులు చేసే బ్యాంకు నంబరు), కస్టమ్స్ దగ్గర మన తరఫున కాగితాలు నడిపే కస్టమ్స్ బ్రోకర్‌కు ఇచ్చే ఆథరైజేషన్ లెటర్ కూడా అప్పుడే సిద్ధం చేసుకోండి.

అన్నిటికన్నా బరువైన కాగితం చార్టర్డ్ ఇంజనీర్ రిపోర్టు. ఓడ ఎక్కకముందే అక్కడి ఇంజనీర్‌తో చేయిస్తే అది ఫారం ఏలో వస్తుంది. తయారైన సంవత్సరం, కొత్తప్పటి ధర, ఇప్పటి కండిషన్, చేసిన రిపేర్లు, ఇంకా ఎన్నేళ్లు నడుస్తుంది అన్నవి అందులో ఉంటాయి. ఆ రిపోర్టు లేకుండా సరుకు దిగితే ఇక్కడ కస్టమ్స్ వాళ్ల జాబితాలో ఉన్న ఇంజనీర్ వచ్చి ఫారం బీ ఇవ్వాలి. ఆయన వచ్చేదాకా కంటైనర్ డిటెన్షన్ (కంటైనర్ ఆలస్యంగా తిరిగిచ్చినందుకు చార్జి), గ్రౌండ్ రెంట్ (సరుకు ఉన్న చోటుకు అద్దె) మీటరు తిరుగుతూనే ఉంటుంది. నా మాట వినండి, ఫారం ఏ చేయించుకునే రండి.

ధర దగ్గర దాపరికం వద్దు. మిషన్ విప్పడానికి, అక్కడి పోర్టుకు చేర్చడానికి అయిన ఖర్చు కూడా కస్టమ్స్ వాళ్లు డ్యూటీ లెక్కగట్టే విలువలోకే వస్తుంది. ఓడ కిరాయి కాగితం చూపించలేకపోతే ఎఫ్‌ఓబీ (అక్కడి పోర్టులో ఓడ ఎక్కేదాకా అయిన ధర) మీద 20 శాతం, ఇన్సూరెన్స్ చూపించకపోతే 1.125 శాతం కలుపుతారు. అసలు బిల్లులు దగ్గరుంటే చాలాసార్లు తక్కువే పడుతుంది. అన్నీ కలిపి విలువ 10 లక్షలు, బేసిక్ డ్యూటీ 7.5 శాతం, ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) 18 శాతం అనుకుందాం. బేసిక్ 75,000. దాని మీద పది శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి 7,500. మొత్తం 10,82,500 మీద ఐజీఎస్టీ 1,94,850. అంటే కట్టాల్సింది 2,77,350. ఐజీఎస్టీ మళ్లీ క్రెడిట్‌లో తీసుకోవచ్చు, కానీ ముందు చేతిలోంచి పోవాల్సిందే. సగం ధరకు ఇన్వాయిస్ ఇస్తానని అమ్మేవాడు ఆశ పెడతాడు. ఒప్పుకోవద్దు. తేలితే డ్యూటీకి తోడు పెనాల్టీ పడుతుంది, మిషన్ కాన్ఫిస్కేట్ (జప్తు) కూడా కావచ్చు.

ఓడరేవుకు దూరంగా ఊళ్లోనే కస్టమ్స్ క్లియరెన్స్ చేసే కంటైనర్ డిపోను ఐసీడీ అంటారు. మన వైపు వాళ్లకు తిమ్మాపూర్ ఐసీడీ దగ్గర, లేదంటే సనత్‌నగర్. ఎక్కడ క్లియర్ చేయాలో బుకింగ్ అప్పుడే తేల్చుకుని, బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదులో) డెలివరీ చోటుగా ఆ ఐసీడీ పేరే వేయించండి. లేదంటే నవ షేవాలోనో చెన్నైలోనో క్లియర్ చేసుకోవాల్సి వస్తుంది. చెక్క పెట్టెల మీద గోధుమ కంకి లాంటి బొమ్మతో ఐపీపీసీ ముద్ర (చెక్కలో పురుగు లేకుండా చేశారని తెలిపేది) ఉండాలి, పక్కన వేడి చేసిన చెక్క అని తెలిపే హెచ్‌టీ అక్షరాలుంటాయి. లోడింగ్ ఫొటోలలో అది కూడా అడగండి. మిషన్‌కు మట్టి అంటుకుని ఉంటే కడిగించాలి.

బిల్ ఆఫ్ ఎంట్రీ, అంటే సరుకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే డిక్లరేషన్, సరుకు చేరే ముందు రోజుకల్లా ఫైల్ కావాలి. ఆలస్యమైతే జరిమానా మొదటి మూడు రోజులు రోజుకు 5,000, ఆ తర్వాత రోజుకు 10,000 రూపాయలు. నెల ముందే ఫైల్ చేసే వీలుంది కాబట్టి కాగితాలు మెయిల్‌లో రాగానే బ్రోకర్‌కు పంపేయండి. ఫైల్ చేసే ముందు ఆయన చెక్‌లిస్టు (దాని డ్రాఫ్టు) పంపినప్పుడు చూడకుండా ఓకే కొట్టకండి, నేమ్‌ప్లేట్ ఫొటో పక్కన పెట్టుకుని చదవండి.

మిషన్ షెడ్డులో దిగాక ఒక పని మిగులుతుంది. మీరు పంపిన డాలర్లకు ఆ బిల్ ఆఫ్ ఎంట్రీని బ్యాంకు వాళ్లు ఐడీపీఎంఎస్‌లో (దిగుమతి చెల్లింపులను లెక్క చూసే ఆర్‌బీఐ సిస్టమ్‌లో) జత చేయాలి. అది పెండింగ్ ఉంటే తర్వాతి పేమెంట్ దగ్గర ఇబ్బంది పెడతారు. జత అయినట్టు బ్యాంకు నుంచి మెయిల్ తీసుకుని, మొత్తం ఫైలును ఐదేళ్లు దాచండి. కస్టమ్స్ ఆడిట్‌కు అడిగితే చూపించాల్సింది అదే.